సైకిలు సాధనలో యంత్రసాక్ష్యము



బస్తర్ సీమలోని దోర్నాపాల్ నుండి పోలంపల్లి, చింతగుఫా, బుర్కాపాల్‌ల మీదుగా చింతలనార్ చేరి, అక్కడినుండి జగర్‌గుండాకు పోవు 56 కిలోమీటర్ల బాట, చిరకాలము త్రవ్వబడి, తెగిపోయి, మనుష్యసంచారమునకే భయావహమై యుండి, ఇటీవలి సంవత్సరములలో మరల రోడ్డుగా రూపొందినది. ఈ బాటమీద సైకిలు వినోదసాధనము కాదు. ఇప్పపూవును చింతపండును సంతకు మోయునది, బడికి దూరమైన పల్లెనుండి బాలికను బడికి చేర్చునది అదియే. తొమ్మిదవ తరగతి బాలికలకు ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వము ఉచితముగా సైకిళ్ళిచ్చు సరస్వతీ సైకిల్ యోజన ఈ సీమకును వర్తించును. పోలీసు కొలువులకై దేహదార్ఢ్యపరీక్షలకు సిద్ధమగు యువకులలో, తెల్లవారకమునుపే లేచి, ఊపిరికిని కాళ్ళకును బలము చేకూర్చుకొనుటకు సైకిలు తొక్కదలచువారును ఉందురు. అట్టివారి చేతికి ఇప్పుడు చౌకధరకు దొరకు మణికట్టు పట్టీలును, సెల్‌ఫోనులో ఉచితముగా వచ్చు యాపులును అందివచ్చినవి. హైదరాబాదు బాహ్యవలయ రహదారి ప్రక్కన 2023 అక్టోబరు 1న ప్రారంభమైన 23 కిలోమీటర్ల సైకిలు మార్గమున, సౌరఫలకముల నీడలో తొక్కు ఉద్యోగి చూచుకొను అంకెలనే, ఇచ్చట ఎర్రమట్టి ధూళిలో తొక్కు యువకుడును చూచుకొనగలుగుచున్నాడు. ఆ అంకెలను ఎంతవరకు నమ్మవచ్చునన్నదే నేటి ప్రసంగవిషయము.

పరికరము చెప్పునదంతయు ఒక్క జాతికి చెందిన మాట కాదు. కొన్నిటిని అది స్వయముగా కొలుచును. కొన్నిటిని కొలిచినదానినుండి ఊహించును. మరికొన్నిటిని ఊహమీద ఊహ పేర్చి ప్రకటించును. అయినను చక్రము ఎన్నిసార్లు తిరిగినదో చెప్పు అంకెయు, నీ దేహము రేపటికి ఎంత కోలుకొనునో చెప్పు అంకెయు తెరమీద ఒకే పరిమాణమున, ఒకే నిశ్చయముతో వెలుగుచుండుటచేత, చూచువానికి రెంటియందును సమానమైన గౌరవము కలుగును. చిక్కంతయు ఇచ్చటనే ఉన్నది. తర్కసంగ్రహకర్తయైన అన్నంభట్టు ఆంధ్రుడు. ప్రత్యక్షమును అనుమానమును వేరుచేసి, అనుమానము ఏ నియమములకు లోబడి నిలుచునో, ఎచ్చట వీగిపోవునో బాలురకు సైతము తెలియునట్లు చెప్పిన ఆ చిన్న గ్రంథమును చదివినవాడు, ఈ పరికరముల విషయమున మోసపోవుట అరుదు. ఏ అంకెను చూచినను మనము అడుగవలసిన ప్రశ్న యిది: ఇది యంత్రము కొలిచినదా, ఊహించినదా? ఊహించినదైనచో ఏ ఆధారముతో ఊహించినది?

ముందుగా చక్రమును తీసికొందము. చువ్వకు ఒక చిన్న అయస్కాంతమును కట్టి, ముందు ఫోర్కుకు ఒక గ్రాహకమును బిగించిన పాతకాలపు సైకిలు మీటరు, చక్రము తిరిగిన మారులను లెక్కించి, ఆ సంఖ్యను చక్రపు చుట్టుకొలతతో గుణించి దూరము చెప్పును. లెక్కింపులో అది తప్పదు. గుణించుటకు మనమిచ్చిన చుట్టుకొలతలో తప్పవచ్చును. పందెపు సైకిలు చక్రపు చుట్టుకొలత సుమారు 2 మీటర్ల 10 సెంటీమీటర్లు. మన ఊళ్ళలో తిరుగు 28 అంగుళముల పెద్దచక్రపు సైకిలుకు అది 2 మీటర్ల 20 సెంటీమీటర్లకు పైబడి యుండును. పందెపు చక్రపు కొలతతో అమర్చిన మీటరును తెచ్చి ఈ సైకిలుకు బిగించి, దోర్నాపాల్ నుండి జగర్‌గుండాదాక తొక్కినచో, 56 కిలోమీటర్లకు బదులు అది సుమారు 53 మాత్రమే చూపును. తొక్కినవాడు తన వేగము తగ్గినదని దిగులుపడును. తగ్గినది వేగము కాదు, అమరికలోని ఒక అంకె.

దీనిని సరిచేయుట కష్టము కాదు. టైరులో ప్రతిదినము ఉంచు గాలినే ఉంచి, ట్యూబు గాలి పట్టు ముక్కు సరిగా నేలవైపు వచ్చునట్లు చక్రమును నిలిపి, ఆ చోట నేలమీద సున్నముతో ఒక గీత గీయవలెను. తొక్కువాడు సీటుమీద కూర్చుండియే, మరియొకరు సైకిలును పట్టి నిదానముగా ముందుకు నడిపింపగా, ఆ ముక్కు మరల నేలవైపు వచ్చినచోట రెండవ గీత గీసి, రెండు గీతల నడుమ టేపు పట్టి కొలువవలెను. మనిషి ఎక్కి కూర్చున్నప్పుడు టైరు కొంచెము అణగును గనుక, ఖాళీ సైకిలు కొలతకును ఈ కొలతకును కొలదిపాటి భేదము కనబడును. ఈ కొలతను మీటరులో నమోదు చేసిన పిదప, అది చెప్పు దూరమును వేగమును నిస్సంశయముగా నమ్మవచ్చును. ఈ పరికరముల రాజ్యమున ఇంతకంటె నమ్మదగిన సాక్షి మరియొకటి లేదని నా అభిప్రాయము.

ఉపగ్రహములవలన తెలియు దూరము దీనికి కొంత తక్కువది. శ్రీహరికోటనుండి 2013 జూలై 1న తొలి ఉపగ్రహమును పంపి మన దేశము ఆరంభించిన నావిక్ వ్యవస్థయైనను, అమెరికావారి జి.పి.ఎస్. ఐనను, ఆకాశమున కనబడు ఉపగ్రహముల సంకేతములు చేరిన కాలమునుబట్టి మన స్థానమును కొన్ని మీటర్ల హెచ్చుతగ్గులలో నిర్ణయించును. దట్టమైన చెట్ల క్రింద ఆ సంకేతములు ఆకులలో క్షీణించుటయు, కొండచరియలకు తగిలి త్రిప్పుకొని వచ్చుటయు కలదు. పొడవైన బాటకు ఈ లోపము పెద్దది కాదు. అర కిలోమీటరు ఎక్కుడులో నిన్నటికంటె నాలుగు సెకన్లు గెలిచితినని సంబరపడువాడు మాత్రము ఆ నాలుగు సెకన్లు ఉపగ్రహపు లోపముకంటె చిన్నవి కావచ్చునని తెలిసికొనవలెను. ఎత్తు విషయమున మరింత జాగ్రత్త కావలెను. మంచి పరికరములు గాలి ఒత్తిడినిబట్టి ఎత్తును లెక్కించును. ఒత్తిడి ఒక్క హెక్టోపాస్కల్ పడిపోయినచో సుమారు ఎనిమిది మీటర్లు ఎక్కినట్లు భావించును. జ్యేష్ఠాషాఢముల మబ్బు కమ్మి గాలివాన రానున్నప్పుడు, గోడకు ఆనించిన సైకిలు సైతము కొండ ఎక్కినట్లు లెక్కకు వచ్చును.

ఇక గుండె. సాధకుడు తరచుగా చూచునదియు, ఎక్కువగా అపార్థము చేసికొనునదియు ఈ అంకెయే.

మణికట్టు గడియారమును విప్పి దాని అడుగుభాగమును చూడుడు: ఆకుపచ్చని చిన్నదీపములు మిణుకుమిణుకుమనుచుండును. రక్తము ఆకుపచ్చకాంతిని బాగుగా పీల్చును. గుండె కొట్టుకొనినపుడెల్ల చర్మము క్రింది సన్నని నాళములలో రక్తము పొంగును. ఆ క్షణమున వెనుకకు వచ్చు కాంతి తగ్గును. ఆ తగ్గుటలను ఎన్నియో లెక్కపెట్టి పరికరము నాడిని చెప్పును. విద్య మంచిదే. గాని కాంతి తగ్గుటకు రక్తమొక్కటియే కారణము కాదు. పట్టీ వదులై కదలినను, చెమట చేరినను, కంకరదారిలో హేండిలు అదరినను, బ్రేకు పట్టుటకు మణికట్టు వంచినను కాంతి మారును. అట్టివేళల పరికరము గుండె లయను విడిచి కుదుపుల లయనో, పెడళ్ళు త్రొక్కు కాళ్ళ లయనో పట్టుకొనుట కలదు. 2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 60 మందిమీద ఏడు రకముల మణికట్టు పరికరములను పరీక్షింపగా, వానిలో ఆరు నాడిని 5 శాతము లోపు తప్పుతో చెప్పగలిగినవి. అందును నడకకంటె సైకిలు తొక్కునపుడే తప్పు తక్కువగా తేలినది. సంతోషింపదగిన మాటయే కాని, ఆ సైకిలు ప్రయోగశాలలో కదలక నిలిచిన సైకిలని మరువరాదు. అదే పరిశోధనలో, చర్మవర్ణము నల్లనైనకొలది తప్పు హెచ్చినట్లును కనబడినది. ఆకుపచ్చకాంతిని రక్తముతోబాటు చర్మములోని నల్లరంగు కూడ పీల్చుకొనుటయే కారణము. ఆసుపత్రులలో వ్రేలికి తగిలించు ఆక్సిజన్ మీటరే నల్లని చర్మము గలవారిలో ఆక్సిజన్ లోపమును అధికముగా కప్పిపుచ్చుచున్నదని 2020లో అమెరికా వైద్యులు వెల్లడించియుండగా, చౌకపట్టీ చూపు ఆక్సిజన్ శాతమును నమ్మి బస్తర్ ఎండలో తొక్కు మనవాడు ఎంత జాగరూకుడై ఉండవలెనో చెప్పనక్కరలేదు.

రొమ్మునకు కట్టుకొను పట్టీ వేరు జాతిది. అది కాంతిని కాక గుండె పుట్టించు విద్యుత్తునే గ్రహించును. ఈ విద్యుత్తును లిఖించు యంత్రమునకు విల్లెమ్ ఐంథోవన్ 1924లో నోబెల్ బహుమతి పొందెను. పడకప్రక్కన ఉండిన ఆ యంత్రపు తత్త్వమును ఆరుబయట పరుగెత్తువాని రొమ్ముమీదికి తెచ్చి, తీగలేని పరికరముగా 1982లో అమ్మకమునకు పెట్టినవారు ఫిన్లాండు దేశపు పోలార్ సంస్థవారు. ఈ పట్టీ పొడిగా ఉన్నప్పుడు మొదటి నిమిషములలో అడ్డదిడ్డపు అంకెలు చూపును. కట్టుకొనునపుడే లోపలి భాగమును నీటితో తడుపుకొనవలెను. డబ్బు పెట్టగలవాడు గడియారమునకు ముందు దీనినే కొనుట ఉత్తమము. కొనలేనివానికి తాతలనాటి విద్య ఉండనే ఉన్నది. నాడీపరీక్షకు బసవరాజీయమువంటి మన వైద్యగ్రంథములు ఇచ్చిన స్థానము తెలిసినదే. బొటనవ్రేలి మొదట, మణికట్టు లోపలివైపున రెండు వ్రేళ్ళు ఆనించి, 15 సెకన్ల దెబ్బలు లెక్కించి నాలుగుతో గుణించినచో వచ్చు సంఖ్యను ఏ గడియారమును త్రోసిపుచ్చజాలదు. నెలకొకమారైనను గడియారపు అంకెను ఈ చేతి లెక్కతో సరిపోల్చుట మంచి అలవాటు.

ఐతే నాడిని సరిగా కొలిచినంతమాత్రమున పని తీరలేదు. కొలిచినది నాడి, మనకు కావలసినది శ్రమ. ఒకదానినుండి మరియొకదానికి పోవుట అనుమానము. నిప్పు ఉన్నది గనుక పొగ ఉండవలెనన్న అనుమానము కాల్చిన ఇనుపగుండు దగ్గర వీగిపోవునని, నిప్పుకు తడికట్టె తోడైనపుడే పొగ పుట్టునని తార్కికులు చూపిరి. నాడి హెచ్చినది గనుక శ్రమ హెచ్చినదన్న మాటయు అట్టిదే. వైశాఖమాసమున ఒకే వేగముతో రెండు గంటలు తొక్కినవాని నాడి, కాళ్ళ పని రవ్వంతయు పెరుగకున్నను, మొదటి గంటకంటె రెండవ గంటలో పదియో అంతకుమించియో దెబ్బలు హెచ్చియుండును. చెమటవలన రక్తములోని నీరు తగ్గుటయు, ఒంటిని చల్లబరచుటకు రక్తము చర్మమువైపు మరలుటయు దీనికి కారణములు. నిద్ర చాలకున్నను, మనసు కలత చెందినను, జ్వరము రానున్నను ఇంతే. ఎండలో హెచ్చిన నాడిని చూచి బాగుగా శ్రమపడితినని తృప్తిపడువాడును, అదే కారణమున తన సత్తువ తగ్గినదని కుంగువాడును ఒకే హేత్వాభాసములో చిక్కినవారు.

గరిష్ఠనాడి విషయము మరియు విచిత్రము. 220 నుండి వయస్సును తీసివేయుమను సూత్రమును పరికరములనేకము నేటికిని మొదట అమర్చుకొని వచ్చును. 1970 ప్రాంతమున అమెరికా పరిశోధకులిద్దరు అందుబాటులోని లెక్కలనుండి స్థూలముగా గీసిన గీత అది. 2001లో తనాకా అను పరిశోధకుని బృందమువారు 208 నుండి వయస్సులో పదింట ఏడువంతులు తీసివేయుమనిరి. నలుబదేండ్లవానికి రెండును 180 అనియే చెప్పును. ఇరువదేండ్లవానికి మొదటిది 200, రెండవది 194. అరువదేండ్లవానికి మొదటిది 160, రెండవది 166. ఏ సూత్రమైనను సగటుమనిషిని గూర్చినదే కాని మీ యింటి మనిషిని గూర్చినది కాదు. ఒకే వయస్సువారి గరిష్ఠనాడులు పదిదెబ్బలు అటునిటుగా ఉండుట సర్వసామాన్యము. ఈ సూత్రముమీద పరికరము అయిదు మండలములు గీసి, నీవిప్పుడు మూడవదానిలో ఉన్నావు, నాలుగవదానిలో ఉన్నావు అని రంగులు మార్చి చెప్పుచుండగా, ఆ మండలముల సరిహద్దులే మీవి కాకపోవచ్చునని గుర్తుంచుకొనుడు.

శ్రమను సూటిగా కొలువదలచినవారికై పవర్ మీటరు కలదు. 1986లో జర్మనీకి చెందిన ఉల్రిచ్ షోబరర్ దీనిని సాధకుల చేతికి తెచ్చెను. పెడలును త్రొక్కునపుడు క్రాంకులోని లోహము కంటికి కనబడనంతగా వంగుటను కొలిచి, అందుండి బలమును, భ్రమణవేగముతో కలిపి వాట్లను లెక్కించు పరికరమిది. మంచిదైనచో ఒకటి రెండు శాతముల తేడాకు మించదు. ఎండవేడిమికి లోహము మారును గనుక, బయలుదేరుటకు ముందు సైకిలును కొంతసేపు బయట ఉంచి సున్నా సరిచేయవలెను. గాలి ఎదురైనను, ఎండ కాసినను, మనసు బాగులేకున్నను వాట్లు వాట్లే. కాని దీని ధర మన బాటమీది సైకిలు ధరకు ఎన్నో రెట్లు. ఇది లేకయే వేగమునుబట్టి వాట్లను అంచనా వేసి చూపు యాపులు గలవు. వెనుక క్యారియరుమీద బియ్యపుమూట ఉన్నదని ఆ యాపునకు తెలియదు, ఎదురుగాలి తెలియదు, చైనుకు నూనె లేదనియు తెలియదు. ఆ వాట్లను లెక్కలోనికి తీసికొనకుండుటయే మేలు.

కేలరీల అంకెను గూర్చి కొంత కఠినముగానే చెప్పదలచితిని. ఇందాక చెప్పిన స్టాన్‌ఫర్డ్ పరీక్షలో, నాడిని చక్కగా చెప్పిన ఆ పరికరములే, వ్యయమైన శక్తి విషయమున అన్నింటిలో మంచిది సగటున 27 శాతము, చెడ్డది 93 శాతము తప్పినవి. దాదాపు రెట్టింపో సగమో చెప్పగల సాక్షిని ఏ న్యాయస్థానమును నిలువనీయదు. పవర్ మీటరు గలవానికి మాత్రము ఒక సదుపాయము కలదు: మానవదేహము తాను వ్యయపరచు శక్తిలో సుమారు 20 నుండి 25 శాతము మాత్రమే పెడలుకు చేర్చును, ఒక కిలోకేలరీకి 4.184 కిలోజౌళ్ళు, ఈ రెండు నిష్పత్తులు ఒకదాని నొకటి కొట్టివేయుటచేత, పెడలుమీద 500 కిలోజౌళ్ళ పని చేసినవాడు దేహములో రమారమి 500 కిలోకేలరీలు వెచ్చించినవాడగును. ఇతరులు ఆ అంకెను చూచి అన్నము తగ్గించుకొనుట కూడని పని. ఎదుగుచున్న బాలికలు, రక్తహీనత గలవారు, దినమంతయు అడవిలో పనిచేసి వచ్చి సాయంకాలము సాధన చేయు యువకులు, ఆకలి చెప్పినంత తినవలెను. పట్టీ చెప్పినంత కాదు.

నిద్రకు మార్కులు, అలసటకు మార్కులు, రేపటి సంసిద్ధతకు మార్కులు వేయు అంకెలు ఊహమీది ఊహలు. వానిని రహస్యసూత్రములతో కూర్చిన సంస్థలే వాని లెక్కను పూర్తిగా వెల్లడింపవు. వానికంటె పూర్వమే, స్వీడను దేశపు గున్నార్ బోర్గ్ ఆరు మొదలు ఇరువది వరకు గల ఒక కొలబద్దను నిర్మించెను. సాధకుడు తన శ్రమ ఎంతయో తానే చెప్పవలెను; అదే దాని విధానము. ఆరోగ్యవంతుడైన యువకుడు చెప్పిన సంఖ్యను పదితో గుణించినచో అది అప్పటి నాడికి దగ్గరగా ఉండునట్లు ఆ కొలబద్ద ఏర్పడినది. మనిషి తన దేహమును గూర్చి చెప్పుమాట కేవలము భావావేశము కాదు, కొలతకు నిలుచు సాక్ష్యమని శాస్త్రమే అంగీకరించినదన్నమాట. ప్రక్కవానితో పూర్తి వాక్యములు మాటలాడుచు తొక్కగలిగినచో అది తేలికశ్రమ. రెండు మాటలకొకసారి ఊపిరి తీసికొనవలసి వచ్చినచో గట్టిశ్రమ. వారములో అధికభాగము మొదటి రీతిగా, కొలదిభాగము రెండవ రీతిగా తొక్కువాడు, ఏ పరికరమును లేకయే సక్రమమైన సాధన చేయుచున్నవాడు.

పరికరమును పారవేయుడని నా తాత్పర్యము కాదు. దానిని దానితోనే పోల్చుడు. ఒకే పట్టీని, ఒకే చేతికి, ఒకే బిగువుతో కట్టి, అదే బాటలో, అదే తెల్లవారు వేళ, అదే వేగముతో తొక్కినపుడు నాడి నెలనెలకు తగ్గుచు వచ్చినచో, ఆ పట్టీ అంకె పది తప్పినను తగ్గుదల మాత్రము నిజము. ఇంకొకరి పట్టీతో, ఇంకొకరి అంకెతో పోల్చుట నిష్ప్రయోజనము. యంత్రమును దేహమును భేదించినప్పుడు, దూరము వేగములయందు యంత్రమును, అలసట నొప్పులయందు దేహమును నమ్మవలెను. ఛాతీలో నొప్పియో, కళ్ళు తిరుగుటయో కలిగినప్పుడు తెరమీద అంకె ఎంత శాంతముగా ఉన్నను సైకిలు దిగవలసినదే.

మరియొక నమ్మకము కలదు. అది అంకె నిజమా కాదా అన్నది కాదు, ఆ అంకె ఎవరికి చేరుచున్నది అన్నది. సాధకులు తొక్కిన, పరుగెత్తిన బాటలనన్నిటిని కలిపి స్ట్రావా సంస్థ 2017 నవంబరులో ఒక లోకపటమును ప్రకటించెను. 2018 జనవరిలో ఒక ఆస్ట్రేలియా విద్యార్థి ఆ పటమున, ఎడారులలోను మారుమూలలలోను వెలుగుచున్న గీతలు సైనికస్థావరముల ఆకారములని ఎత్తిచూపగా దేశదేశముల సేనలు ఉలికిపడినవి. 2010 ఏప్రిల్ 6న చింతలనార్ సమీపమున మావోయిస్టుల దాడిలో 76 మంది భద్రతాసిబ్బంది ప్రాణములు పోయినవి. బాటపొడుగునను శిబిరములున్న ఈ సీమలో, ఎవరు ఏ వేళకు ఏ దారిని పోవుదురో బహిరంగముగా ప్రకటించు యాపు ఎవరికిని క్షేమకరము కాదు. తొక్కిన దారి ఇతరులకు కనబడకుండునట్లు, కనీసము ఇంటి పరిసరములు దాగునట్లు యాపులో అమర్చుకొనుడు. బడికి సైకిలుమీద పోవు ఆడపిల్లల తల్లిదండ్రులు ఈ మాటను మరింత శ్రద్ధతో వినవలెను.

తుదిగా, చౌకపట్టీ సైతము నమ్మకముగా చేయగల ఒక మేలును చెప్పి విరమించెదను. నిద్రలేచి, పడకమీదనుండి దిగకమునుపు, దేహము కదలని వేళ, కుదుపులు లేని వేళ అది చూపు నాడి దాదాపు సరియైనదే. దానిని ప్రతి ఉదయము ఒక కాగితముమీద వ్రాసి ఉంచుడు. పట్టీ లేనివారు వ్రేళ్ళతో లెక్కించి వ్రాయుడు. ఒంటి వేడిమి ఒక్క డిగ్రీ సెల్సియస్ హెచ్చినచో నాడి సుమారు పదిదెబ్బలు హెచ్చును. మలేరియా నిర్మూలనకై 2020 నుండి ఇల్లిల్లు తిరిగి రక్తపరీక్షలు జరుపుచున్న బస్తర్‌లో ఈ పదిదెబ్బల హెచ్చుదల ఉపేక్షింపదగినది కాదు. సికిల్‌సెల్ వ్యాధి ఉన్నట్లు తేలినవారు వైద్యుని అడుగక గట్టిశ్రమకు దిగరాదు. ఉదయపు నాడి ఎన్నడును లేనంతగా పెరిగి, ఒళ్ళు వెచ్చగా తోచినచో, ఆ దినము పరికరము ఏ లక్ష్యమును గుర్తుచేసినను సైకిలు తీయక, మీ పారాలోని, అనగా మీ వాడలోని, ఆరోగ్యకార్యకర్తయగు మితానిన్ వద్దకు పోయి వ్రేలినుండి రక్తపుచుక్క ఇచ్చి పరీక్ష చేయించుకొనుడు.